రోజ్‌మేరీ ఎండుతోందా, కుళ్ళుతోందా? విశాఖ డాబా తోటల కోసం

జుట్టు నూనె పుణ్యమా అని రోజ్‌మేరీ ఇప్పుడు విశాఖ డాబాల మీదకీ, అపార్ట్‌మెంట్ బాల్కనీల్లోకీ వచ్చేసింది. నీళ్ళు తక్కువైనా బతికే మొక్క అని చెప్పి అమ్ముతారు. అది నిజమే, కానీ దాని పుట్టిల్లు మధ్యధరా తీరం. అక్కడ వానలు చలికాలంలో పడతాయి, వేసవి పొడిగా గడుస్తుంది. మనకు సరిగ్గా తిరగేసి ఉంటుంది. జూన్ నుంచి వానలు, అక్టోబరులో తుపాన్లు, వాటికి ముందూ వెనకా ఉక్కపోత. అందుకే ఇక్కడ ఈ మొక్కకొచ్చే తిప్పల్లో ఎక్కువ భాగం తడి వల్లే.

ఆకులు గోధుమ రంగుకు తిరిగి రాలిపోతున్నాయి

ముందు ఆకును వదిలేసి మట్టిని చూడండి. రెండు అంగుళాల లోతున వేలు పెట్టండి. తడిగా తగిలితే అది వేరుకుళ్ళు. గాలి ఆడని తడి మట్టిలో వేర్లు కుళ్ళి నీళ్ళు పీల్చలేవు, దాంతో పైన మొక్క దాహంతో ఎండినట్టే కనిపిస్తుంది. పాపం అనుకుని ఇంకో చెంబు పోస్తారు. రోజ్‌మేరీలు ఎక్కువగా చచ్చేది ఆ చెంబుతోనే.

మొక్కను కుండీ నుంచి బయటికి తీయండి. గట్టిగా, లేత రంగులో ఉన్నవి మంచి వేర్లు. నల్లగా మెత్తబడి వాసన వచ్చేవాటిని శుభ్రమైన కత్తెరతో కత్తిరించేయండి. వేర్లు తగ్గాయి కాబట్టి పైన పచ్చని కొమ్మల్నీ మూడో వంతు తగ్గించాలి. కొత్త మిశ్రమంలో ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు ముతక ఇసుక, ఒక పాలు పెర్లైట్ (తేలికపాటి తెల్ల రాతి గుళికలు) లేదా చిన్న ఇటుక ముక్కలు, ఒక గుప్పెడు వర్మీకంపోస్ట్ చాలు. ప్లాస్టిక్ కంటే మట్టి కుండీ మేలు. కోలుకునేదాకా ఎరువు జోలికి పోవద్దు, నీడపట్టున ఉంచండి.

దగ్గర్లో ఉంది కదా అని బీచ్ ఇసుక తెచ్చి కలపకండి. సముద్రపు గాలిని ఈ మొక్క బాగానే తట్టుకుంటుంది కానీ, వేర్ల దగ్గర ఉప్పు పేరుకుంటే వేరే కథ. సగానికి పైగా వేర్లు నల్లబడి ఉంటే మొక్క మీద ఆశ వదులుకుని, పచ్చగా ఉన్న చివర్లు తుంచి కొత్త మొక్కలుగా నాటుకోండి.

వానాకాలంలో కుండీల్ని సన్‌షేడ్ కిందికి జరపండి, అడుగున పెట్టిన ప్లేట్లు తీసేయండి.

మట్టి ఎండి కుండీ అంచు నుంచి విడిపోయి ఉంటే మాత్రం అది నిజంగా దాహమే. మే నెలలో కాలే స్లాబు మీద చిన్న కుండీ ఉంటే ఎంత గట్టి మొక్కైనా తట్టుకోలేదు. పూర్తిగా ఎండిన కోకోపీట్ (కొబ్బరి పొట్టు) నీళ్ళు పీల్చదు, పోసినవన్నీ పక్కల నుంచి కారిపోతాయి. బుడగలు ఆగేదాకా కుండీని నీళ్ళ తొట్టిలో ముంచి, నీళ్ళు పూర్తిగా కారిపోయాక మధ్యాహ్నపు ఎండ తగలని చోట పెట్టండి.

ఆకుల మీద తెల్లటి పొడి

వేలికి పౌడరులా అంటితే బూడిద తెగులు. ఆకు తడవకపోయినా గాలిలో తేమ చాలు, ఇది వచ్చేస్తుంది. కుండీలు ఒకదానికొకటి ఆనించి పెట్టడం, నీడ, గుబురు దీనికి తోడు. లోపలి కొమ్మలు పలచన చేసి, రోజుకు ఆరు గంటల ఎండ తగిలేలా చూడండి. తగ్గకపోతే లీటరు నీటికి 2 గ్రాముల నీటిలో కరిగే గంధకం పిచికారీ చేయాలి. ఎండ మండే రోజుల్లో మాత్రం వద్దు, ఆకులు మాడతాయి. మందు కొట్టాక కొన్నాళ్ళు ఆ ఆకు నూనెకూ టీకీ కోయకండి.

పొడి కాకుండా కణుపుల దగ్గర దూదిలాంటి ముద్దలుంటే అది పిండినల్లి. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేయండి.

ఆకు పాలిపోయి, సన్న చుక్కలు, సాలెగూడు లాంటి బూజు

ఎర్రనల్లి. తెల్ల కాగితం పట్టి కొమ్మను తట్టితే కదిలే చుక్కలు రాలతాయి. పొద్దున్నే ఆకుల అడుగు భాగానికి నీళ్ళు జోరుగా కొట్టండి. అవసరమైతే సాయంత్రం లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్ళు కలిపి చల్లండి.

మొక్క సన్నగా సాగిపోతోంది, వాసన లేదు

ఎండ తక్కువ, లేదా ఎరువు ఎక్కువ. ఈ మొక్కను ముద్దు చేస్తే చెడుతుంది.

పువ్వు రావడం లేదు

మన వేడికి అది మామూలే. మనకు కావాల్సింది ఆకు కాబట్టి టెన్షన్ పడొద్దు.

కింద అంతా మోడు, చివర్న మాత్రమే ఆకు

చాలాకాలం కత్తిరించకపోతే ఇలా అవుతుంది. మోడు దాకా కొట్టేస్తే చిగురు వస్తుందని ఆశపడకండి, ఆకు లేని పాత కొమ్మ సాధారణంగా చిగురించదు. ఆకులున్న భాగంలోనే కొంచెం కొంచెంగా గిల్లుతూ ఉండండి. ఈలోగా నవంబరు, డిసెంబరుల్లో 10 సెంటీమీటర్ల లేత కొమ్మలు తీసి, కింది ఆకులు దూసి, తడి ఇసుకలో గుచ్చండి. వేర్లు రావడానికి నాలుగైదు వారాలు పట్టవచ్చు. నాలుగు గుచ్చితే రెండు బతికినా చాలు, పాత మొక్క జాగా భర్తీ అవుతుంది.