గొలుసు ప్రమాదాల విచారణ: ఏ పద్ధతి, ఎక్కడ

ఒక పరికరంలో మొదలై పక్కవాటికి పాకేదే గొలుసు ప్రమాదం. దానిమీద విచారణ కమిటీ కూర్చున్న మొదటి రోజే ఎవరో ఒకరు "ఫైవ్ వైస్ చేద్దామా, ఫిష్‌బోనా?" అంటారు. మొదటిది 'ఎందుకు' అని వరుసగా అడుగుతూ పోవడం, రెండోది కారణాలను చేపముల్లు ఆకారంలో గీయడం. ముందు గడియారాలు సరిచూద్దాం అంటాన్నేను. ఒక కేసులో సీసీటీవీ టైము డీసీఎస్ (ప్లాంటును నడిపే కంప్యూటర్ వ్యవస్థ) కన్నా నాలుగు నిమిషాలు ముందుందని మేం గమనించలేదు. మొదటి ట్యాంకు మంట కెమెరాలో, రెండోది డీసీఎస్ అలారంలో దొరికాయి. దాంతో రెండోదే ముందు అంటుకుందని తేల్చి, లేని లీకు కోసం రెండు వారాలు తవ్వాం.

టైములు కలిశాక స్టెప్ చార్టు వేయండి, అంటే ఎవరు ఎప్పుడు ఏం చేశారో చూపే పటం. అడ్డంగా కాలం, నిలువుగా పాత్రలు: ట్యాంకు, పంపు, ఆపరేటరు, డైక్ (ట్యాంకు చుట్టూ కట్టే గోడ) వాల్వు, ఫైర్ టీము. గోడమీద చీటీలు చాలు, సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఒక చీటీ నుంచి దాని ఫలితానికి బాణం వేయలేకపోయిన ప్రతి ఖాళీ ఒక విచారణ ప్రశ్నే.

ఇప్పుడు ఒక పరికరం నుంచి ఇంకోదానికి ప్రమాదం గెంతిన చోట్లకు సున్నా చుట్టండి. పద్ధతి ఎంచుకోవాల్సింది మొత్తం ప్రమాదానికి కాదు, ఒక్కో గెంతుకు. వేడి వల్లనా, పేలుడు ఒత్తిడా, ఎగిరిపడ్డ ముక్కలా అన్నది లెక్కతో తేల్చాలి. మామూలు స్టోరేజీ ట్యాంకుకు చదరపు మీటరుకు 15 కిలోవాట్ల వేడి, ఒత్తిడిలో ఉండే ప్రెజర్ వెసెల్‌కు 45 అన్నవి తరచూ వాడే హద్దులు. లెక్కలో వేడి సరిపోలేదంటే మంట మరో దారిన వెళ్ళిందన్నమాట. నాకు ఎక్కువసార్లు ఆ దారి డ్రైన్ కాలువలోనే దొరికింది.

తర్వాత ప్రతి గెంతు దగ్గరా బ్యారియర్ విశ్లేషణ. అక్కడ ఆపాల్సింది ఏది, ఎందుకు ఆపలేదు? ఉత్తర సముద్రంలోని చమురు ప్లాట్‌ఫారం పైపర్ ఆల్ఫానే చూడండి. 1988 జూలై 6న 167 మంది పోయారు. ఫైవ్ వైస్ పట్టుకుని వెళ్తే సేఫ్టీ వాల్వు తీసి ఉన్న కండెన్సేట్ పంపు దగ్గరికి, అక్కణ్ణుంచి వర్క్ పర్మిట్ దగ్గరికి చేరి ఆగిపోతాం. అది మొదటి పేలుడుకే జవాబు. డైవర్ల భద్రత కోసం ఫైర్‌వాటర్ పంపులు మాన్యువల్‌లో ఉండటం వేరే గెంతు. సుమారు 20 నిమిషాలకు పక్క ప్లాట్‌ఫారం టార్టాన్ నుంచి వచ్చే గ్యాస్ లైను పగలడం ఇంకోటి. మంటలు కనిపిస్తున్నా పక్క ప్లాట్‌ఫారాలు చమురు పంపుతూనే ఉన్నాయి. దీన్ని ఏ ఫాల్ట్ ట్రీలోనూ (వైఫల్యాన్ని దాని కారణాలుగా విడగొట్టే చెట్టు బొమ్మ) ఇమడ్చలేం. ఆపే అధికారం ఎవరిది, ఎవరి అనుమతి కోసం చూశారు అన్నవి యాక్సిమ్యాప్‌లో, అంటే ఆపరేటరు నుంచి కంపెనీ, ప్రభుత్వం దాకా అంచెలవారీగా కారణాలను గీసే పటంలో, బయటపడతాయి. ఆటోమేషను, కంట్రోల్ నిర్ణయాలు బాగా పెనవేసుకుంటే కాస్ట్ (CAST, నియంత్రణ ఎక్కడ తప్పిందో వెతికే పద్ధతి) మేలు, కానీ అది ఓపిక తినేస్తుంది. ముగ్గురే ఉన్న టీముకు నేను చెప్పను.

ఫాల్ట్ ట్రీని ఒకే పరికరం వైఫల్యానికి ఉంచుకోండి, అక్కడ దానికి సాటి లేదు.

చివరికి సాక్ష్యం దొరకని బాణం మిగిలితే దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టే నివేదిక ఇస్తాను. చెరిపేయమని రెండుసార్లు అడిగారు. చెరపలేదు.