నల్లరేగడిలో పైల్స్ మీద చెక్క ఫ్లోర్ వేసేటప్పుడు
గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి వానకి ఉబ్బుద్ది, ఎండకి నెర్రెలిచ్చుద్ది, అందుకే చెక్క ఫ్లోర్ గదికి మామూలు పునాది వద్దు, అండర్ రీమ్డ్ పైల్స్ వేయించండి, అంటే నేలలోకి దించే కాంక్రీటు స్తంభాలు, అడుగున స్తంభం కంటే 2.5 రెట్లు వెడల్పు బొడిపె ఉండేవి, సుమారు 3.5 మీటర్ల లోతుకి పోతే అక్కడ తేమ పెద్దగా మారదు కాబట్టి కదలవు.

పైల్ తలలన్నీ ట్యూబ్ లెవెల్‌తో, అంటే నీళ్లు నింపిన గొట్టంతో, ఒకే మట్టానికి తెప్పించండి, ఇక్కడ మాత్రం తొందరపడొద్దండీ. తలల మీద దూలాలు, వాటిమీద 40 సెంటీమీటర్లకొక పట్టె, పైన పలకలు. టేకైతే మేలు, ఏ చెక్కైనా బాగా ఆరాలి, పచ్చిదైతే మన ఎండకి మెలితిరుగుద్ది.

అసలు భయం చెదలే. ప్రతి పైల్ తలమీద, దూలం పెట్టకముందే, అంచులు కిందకి వంచిన జింకు రేకు పెట్టండి, చెదలు దాన్ని చుట్టి రావాలంటే మట్టిగూడు బయటికి కట్టాల్సిందే, మనకి కనబడిపోద్ది. కింద అడుగున్నర ఖాళీ ఉంచితే గాలాడుద్ది, వంగి చూడొచ్చు కూడా.