పిరుదుల సందులో పుండు: ఏ ఫ్లాప్ ఎవరికి?

భీమవరంలో సర్జన్‌నండి. పైలోనిడల్ సైనస్‌తో, అంటే పిరుదుల సందులో వెంట్రుకలు చర్మంలోకి దిగి పడే పుండుతో, నా దగ్గరికొచ్చేది ఎక్కువగా కుర్రాళ్లే: రొయ్యల లోడు తోలే డ్రైవర్లు, కుర్చీకి అతుక్కుపోయి చదివే ఇంజనీరింగ్ పిల్లలు. సగంమంది మొలలనుకుని ఏదో పసరు పూసుకుని మరీ వస్తారు.

చీము పట్టుంటే ముందు అది తీయించుకోండి. ఫ్లాప్, అంటే పుండు తీసేసిన గుంతని పక్క చర్మంతో కప్పే ఆపరేషన్, సంగతి వాపు తగ్గాకే.

అప్పుడు డాక్టరుగారిని ఒక్కటడగండి: కుట్టు నడిమధ్య వస్తుందా, పక్కకా? సందు లోతులో నేరుగా కుట్టేస్తే చెమటకీ రాపిడికీ విడిపోయే, తిరగబెట్టే అవకాశం ఎక్కువ.

లింబర్గ్ అనే ఫ్లాప్‌లో 60, 120 డిగ్రీల కోణాలతో డైమండ్ ఆకారంలో జబ్బు భాగం తీసేసి, పక్క పిరుదు చర్మాన్ని కొవ్వుతో సహా తిప్పి కప్పుతాం. పెద్ద గుంతకి ఇదే నయం. కింది మూల నడిగీత మీద పడితే అక్కడే మానదు; అందుకే పెన్నుతో గీసేటప్పుడే దాన్ని ఒకటి రెండు సెంటీమీటర్లు పక్కకి జరుపుతాను. మచ్చ మాత్రం బాగా కనబడుతుంది. పెళ్లికాని కుర్రాళ్లకి ముందే ఫొటో చూపిస్తాను.

కరిడాకిస్ ఫ్లాప్‌లో పక్కకి జరిపిన అండాకారపు కోత, ఒక అంచు లేపి అవతలికి లాగి కుట్టడం. మచ్చ నిలువు గీతే. ఓ మోస్తరు జబ్బుకి నా మొగ్గు దీనికే.

ఆపరేషనయ్యాక తిరగబెట్టినవాళ్లకి బాస్కమ్ క్లెఫ్ట్ లిఫ్ట్ మంచిది. కొవ్వు పెద్దగా తీయకుండా చర్మం సర్ది సందు లోతు తగ్గిస్తారు. చేయి తిరిగినవాళ్లే చేయాలి.

ఏది చేయించుకున్నా సిగరెట్ ఆపాలి, సందులో వెంట్రుకలు పెరగనివ్వకూడదు. రెండు వారాలపాటు కుట్ల మీద బరువేసి కూర్చోకండి, బైక్ అసలొద్దు. చుట్టాలు చూడ్డానికొచ్చినా సరే, బోర్లా పడుకునే మాట్లాడండి.