రిఫరెన్స్ సాఫ్ట్‌వేర్‌లోంచి డేటాబేస్ వెతికితే ఇబ్బందా? సమస్య - పరిష్కారం

పరిశోధన వ్యాసాల వివరాలు (రిఫరెన్సులు) దాచుకునే ఎండ్‌నోట్, జబ్‌రెఫ్ లాంటి సాఫ్ట్‌వేర్ తెరిచి, అందులోంచే వైద్య పరిశోధన వ్యాసాల డేటాబేస్ పబ్‌మెడ్‌నో ఒక లైబ్రరీ కేటలాగునో వెతకొచ్చు. సజావుగా నడిచినంతకాలం చాలా హాయి. ఆగిపోయినప్పుడు మాత్రం తప్పు ఎక్కడుందో అంతుపట్టక టెన్షన్ మొదలవుతుంది. ఏ సెట్టింగూ కదపకముందు ఒక పని చేయండి. అవే మాటలను బ్రౌజర్‌లో ఆ డేటాబేస్ సొంత సైట్‌లో వెతకండి. సైటే తెరుచుకోకపోతే లోపం నెట్‌లోనో, డేటాబేస్‌లోనో ఉంది. సైట్‌లో వచ్చి సాఫ్ట్‌వేర్‌లో రాకపోతే దారిలో ఏదో అడ్డుపడుతోంది. రెండు చోట్లా వచ్చి సంఖ్యలు కలవకపోతే ప్రశ్న రాసిన తీరు చూసుకోవాలి.

సమస్య: కనెక్ట్ కాలేదని వస్తోంది

లైబ్రరీ కేటలాగులతో రిఫరెన్స్ సాఫ్ట్‌వేర్ ఎక్కువగా జెడ్39.50 అనే పాత ప్రోటోకాల్‌లో (కంప్యూటర్లు మాట్లాడుకునే పద్ధతి) మాట్లాడుతుంది. దానికి కేటాయించిన పోర్ట్, అంటే డేటా వచ్చిపోయే ద్వారం నంబరు, 210. మామూలు వెబ్ పేజీలు 80, 443 పోర్టుల మీదుగా వస్తాయి కాబట్టి సంస్థల ఫైర్‌వాల్ (నెట్‌వర్క్‌కు కాపలా కాసే వ్యవస్థ) తరచూ వాటిని తెరిచి ఉంచి 210ని మూసేస్తుంది. అందుకే బ్రౌజర్‌లో అన్నీ బాగుంటాయి, సాఫ్ట్‌వేర్ మాత్రం ఎదురుచూసి ఎదురుచూసి చేతులెత్తేస్తుంది.

ముందు మొబైల్ హాట్‌స్పాట్‌కి మారి చూడండి. అక్కడ పనిచేస్తే అడ్డు మీ ఆఫీసు నెట్‌వర్క్‌దే. ఐటీ వాళ్లకు సర్వర్ చిరునామా, పోర్ట్ నంబరు రెండూ రాసి పంపండి. "ఎండ్‌నోట్ పనిచేయడం లేదు" అని మాత్రమే రాస్తే వాళ్లు సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసి వెళ్లిపోతారు. హాట్‌స్పాట్‌లోనూ రాకపోతే, ఆ డేటాబేస్‌ను ఎలా చేరాలో సాఫ్ట్‌వేర్‌కు చెప్పే కనెక్షన్ ఫైల్ పాతదై ఉండొచ్చు. లైబ్రరీలు సర్వర్ చిరునామానూ డేటాబేస్ పేరునూ మారుస్తుంటాయి. ఎండ్‌నోట్ సైట్ నుంచి కొత్త ఫైల్ దించుకోండి, లేదా ఆ లైబ్రరీ ఇచ్చే తాజా వివరాలతో సరిచేయండి.

సమస్య: క్యాంపస్‌లో వస్తోంది, ఇంట్లో రావడం లేదు

చందా కట్టే డేటాబేస్‌లు చాలావరకు మీ ఐపీ చిరునామా (నెట్‌లో మీ కనెక్షన్‌కు ఉండే నంబరు) చూసి లోపలికి రానిస్తాయి. ఇంటి నుంచి లైబ్రరీ ప్రాక్సీలో (లైబ్రరీ తరఫున మిమ్మల్ని లోపలికి పంపే సర్వర్) లాగిన్ అయినా, అది ఆ బ్రౌజర్‌కే పనికొస్తుంది. సాఫ్ట్‌వేర్ వెళ్లేది మీ ఇంటి ఐపీతోనే. కంప్యూటర్ మొత్తాన్ని సంస్థ నెట్‌వర్క్‌లోకి కలిపే వీపీఎన్ పెట్టుకుంటే సాధారణంగా తీరిపోతుంది. కనెక్షన్ల జాబితాలో డేటాబేస్ పేరు ఉన్నంత మాత్రాన దాన్ని వాడే హక్కు మీకు ఉన్నట్టు కాదు, లైబ్రేరియన్‌ను అడిగి తేల్చుకోండి.

సమస్య: కాసేపు వచ్చి ఆగిపోయింది, 429 అనే ఎర్రర్

తక్కువ సమయంలో ఎక్కువసార్లు అడిగారని అర్థం. పబ్‌మెడ్ సర్వర్ ఏపీఐ కీ (ప్రోగ్రాములు నేరుగా అడిగే దారికి ఇచ్చే గుర్తింపు కోడ్) లేనివాళ్లకు ఒక ఐపీ నుంచి సెకనుకు 3 అభ్యర్థనల వరకే ఒప్పుకుంటుంది, కీ ఉంటే 10. ల్యాబ్ మొత్తం ఒకే ఐపీ మీద ఉంటే పక్కవాళ్ల వాడకమూ మీ ఖాతాలోనే పడుతుంది. కాసేపు ఆగండి. ఉచిత కీ తీసుకునే వీలుంటే తీసుకోండి. జబ్‌రెఫ్‌లో కొన్ని డేటాబేస్‌లకు సొంత కీ ఇచ్చే చోటు ప్రిఫరెన్సెస్‌లో ఉంది. గూగుల్ స్కాలర్ సంగతి వేరు. దానికి బయటి ప్రోగ్రాముల కోసం అధికారిక ఏపీఐయే లేదు, క్యాప్చా అడ్డు పెట్టేస్తుంది. దాన్ని బ్రౌజర్‌లోనే వాడుకోవడం మేలు.

సమస్య: ఒక్కటీ రావడం లేదు

చాలాసార్లు మనం వెతుకుతున్నది డేటాబేస్‌లో కాదు, సొంత లైబ్రరీలో. జోటెరో అనే మరో రిఫరెన్స్ సాఫ్ట్‌వేర్‌లో పైన కనబడే సెర్చ్ పెట్టె మీరు దాచుకున్న వాటినే చూస్తుంది. బయటివి కావాలంటే బ్రౌజర్ కనెక్టర్, లేదా డీఓఐ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య), ఐఎస్‌బీఎన్ (పుస్తకం సంఖ్య), పీఎంఐడీ (పబ్‌మెడ్ సంఖ్య) ఇచ్చి చేర్చే మంత్రదండం బటన్ వాడాలి. ఎండ్‌నోట్‌లో అయితే రచయిత పేరు చూడండి: ఇంటిపేరు ముందు, కామా, తర్వాత మొదటి పేరు. సెర్చ్ పెట్టెల కింది వరుసలో పాత మాట ఏదైనా మిగిలిపోయిందేమో కూడా గమనించండి.

సమస్య: ఫలితాలు వచ్చాయి, కానీ సంఖ్య సైట్‌తో కలవడం లేదు

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే, ఎందుకంటే ఎర్రర్ ఏదీ రాదు. నలభై రికార్డులు వస్తే నలభయ్యే ఉన్నాయనుకుని ముందుకు వెళ్లిపోతాం.

పబ్‌మెడ్ సైట్‌లో ఫీల్డ్ ఏదీ ఎంచుకోకుండా "హార్ట్ అటాక్" అని కొడితే, అది దాన్ని తన విషయసూచికలోని "మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్"కి కలిపి రెండిటికీ వెతుకుతుంది. సాఫ్ట్‌వేర్‌లో టైటిల్ అనే ఫీల్డ్ ఎంచుకుని అదే మాట పెడితే ఆ అనువాదం జరగదు, శీర్షికలో ఆ మాటలున్నవే వస్తాయి. మాట చివర నక్షత్రం గుర్తు పెట్టినా, కొటేషన్లలో పెట్టినా అంతే. సైట్‌లో అడ్వాన్స్‌డ్ పేజీకి వెళ్లి హిస్టరీలో డీటెయిల్స్ తెరిస్తే మీ ప్రశ్నను పబ్‌మెడ్ ఎలా అర్థం చేసుకుందో పూర్తిగా కనబడుతుంది. తేడా ఎక్కడ పుట్టిందో అక్కడే దొరుకుతుంది.

ఇంకో కారణం, మాటలను కలిపే యాండ్ (రెండూ ఉండాలి), ఆర్ (ఏదో ఒకటి చాలు)ల వరుస. బ్రాకెట్లు లేకపోతే పబ్‌మెడ్ ఎడమ నుంచి కుడికి చదువుకుపోతుంది. వెబ్ ఆఫ్ సైన్స్ అనే మరో డేటాబేస్ ముందు యాండ్‌ను, ఆ తర్వాతే ఆర్‌ను చూస్తుంది. ఎండ్‌నోట్ వరుసలు పై నుంచి కిందికి నడుస్తాయి. అవే మాటలు మూడు చోట్ల మూడు ప్రశ్నలైపోవచ్చు. పర్యాయపదాలన్నీ బ్రాకెట్లలో పెట్టి రాయండి. సాఫ్ట్‌వేర్ పెట్టెల్లో బ్రాకెట్లకు చోటు లేకపోతే ఆ ప్రశ్నను అక్కడ వెతకకండి.

నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. తెలిసిన పేపర్ రికార్డు తెచ్చుకోవడానికి సాఫ్ట్‌వేర్ సెర్చ్ చక్కటి సాధనం. థీసిస్‌లో సాహిత్య సమీక్షకు, ముఖ్యంగా ఒక విషయంపై వచ్చిన అధ్యయనాలన్నిటినీ పద్ధతిగా వెతికి చూసే సిస్టమాటిక్ రివ్యూకు, దాని మీద ఆధారపడకూడదు. ఇలాంటి సమీక్షల్లో వెతికిన తీరును ఎలా రాయాలో చెప్పే, 2021లో వచ్చిన ప్రిస్మా-ఎస్ మార్గదర్శకాలు ప్రతి డేటాబేస్‌లో నడిపిన ప్రశ్నను ఉన్నది ఉన్నట్టు ఇవ్వమంటాయి. సాఫ్ట్‌వేర్ పెట్టెల్లో నింపినదాన్ని అలా చూపించడం కష్టం. పబ్‌మెడ్ సైట్‌లో వెతికి, సెండ్ టు మెనూలో సైటేషన్ మేనేజర్ ఎంచుకుని ఫైల్ దించి, దాన్ని సాఫ్ట్‌వేర్‌లోకి ఇంపోర్ట్ చేయండి. ఒక ప్రశ్నకు పబ్‌మెడ్ ఇచ్చేది మొదటి 10,000 రికార్డులే. అంతకు మించితే ప్రచురణ సంవత్సరాల వారీగా ముక్కలు చేసి దించుకోవాలి.

సమస్య: రికార్డులో లోపాలు

ఇవన్నీ సాఫ్ట్‌వేర్ తప్పులు కావు. పబ్‌మెడ్‌లో శీర్షిక చదరపు బ్రాకెట్లలో ఉంటే, ఆ వ్యాసం ఇంగ్లిష్‌లో లేదని, కనబడేది అనువదించిన శీర్షికని అర్థం. 1984 నుంచి 1995 వరకు పబ్‌మెడ్‌లో ప్రధాన భాగమైన మెడ్‌లైన్ ఒక వ్యాసానికి పదిమంది రచయితల పేర్లే ఎక్కించేది, కాబట్టి ఆ కాలపు పెద్ద జాబితాలు కురచగా వస్తాయి. మిగతా పేర్లు అసలు పేపర్ చూసి చేర్చుకోవాల్సిందే. సంపుటి, పేజీలు లేకపోతే అది ముందుగా ఆన్‌లైన్‌లో వచ్చిన వ్యాసమై ఉండొచ్చు. ఎండ్‌నోట్‌లో ఫైండ్ రిఫరెన్స్ అప్‌డేట్స్ నొక్కి చూడండి.

కేటలాగు నుంచి వచ్చిన జర్మన్, హంగేరియన్ పేర్లు పిచ్చి గుర్తులతో వస్తే కారణం ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను కంప్యూటర్ కోడ్‌గా మార్చే పద్ధతి. పాత కేటలాగులు మార్క్-8 పద్ధతిలో పంపుతుంటే సాఫ్ట్‌వేర్ యూటీఎఫ్-8గా చదువుతోంది, లేదా దీనికి తలకిందులుగా జరుగుతోంది. కనెక్షన్ ఫైల్‌లో టెక్స్ట్ ఎన్‌కోడింగ్ మార్చి, ఒక్క రికార్డు తెచ్చి పరీక్షించండి. సరిగా వచ్చాకే మిగతావి మళ్లీ దించండి, ముందు వచ్చిన పాడైన కాపీలను తీసేయడం మరవకండి.

డీఓఐ ఇస్తే దొరకలేదంటే, పీడీఎఫ్ నుంచి కాపీ చేసేటప్పుడు చివర చుక్కో, మధ్యలో ఖాళీయో చేరిందేమో చూడండి. అది 10తోనే మొదలవ్వాలి. దాన్ని డీఓఐ సైట్‌లో వేసినప్పుడు పేపర్ పేజీ తెరుచుకోకపోతే, ప్రచురణకర్త ఇంకా నమోదు చేయకపోయి ఉండొచ్చు. కొన్ని రోజులాగి మళ్లీ ప్రయత్నించండి, తొందరైతే వివరాలు చేత్తో నింపుకోండి.