జోయాంథిడ్లను తినేస్తున్న నత్తల్ని ఇలా వదిలించాను

మా రీఫ్ ట్యాంకులో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, జోయాంథిడ్లు (పగడాలకు దగ్గరి చుట్టాలు, పువ్వుల్లా విచ్చుకునే జీవులు) ముడుచుకుపోయి విచ్చుకోవడం మానేసరికి ముందు విజయవాడ ఎండ మీదే అనుమానం వచ్చింది, చూస్తే నీళ్లు చల్లబరిచే చిల్లర్ 26 డిగ్రీలే చూపిస్తోంది. రాత్రి లైట్లు ఆర్పి టార్చి వేస్తే దొరికాయి నూడిబ్రాంకులు, అంటే గుల్ల లేని సముద్రపు నత్తలు. తిన్న పాలిప్ (జోయాంథిడ్ గుంపులో పువ్వులాంటి ఒక్కో జీవి) రంగే ఒంటికి పట్టడంతో కళ్లెదుటే ఉన్నా పోల్చుకోలేం. జోయాంథిడ్లు అంటుకున్న రాయి బయటికి తీసి, ట్యాంకు నీళ్లలోనే కలిపిన అయోడిన్ డిప్‌లో (పురుగుల్ని వదిలించే ద్రావణం) ముంచి పిపెట్‌తో గట్టిగా నీళ్లు కొడితే రాలిపడ్డాయి. అసలు తలనొప్పి గుడ్లతో. పాలిప్ కాడల మొదట్లో తెల్లగా చుట్టలు చుట్టుకుని ఉంటాయి, డిప్‌కు చావవు, ట్వీజర్‌తో ఏరాల్సిందే, మిగిలినవి పొదుగుతాయి కాబట్టి కొత్తవి కనబడడం ఆగేదాకా వారానికోసారి మళ్లీ డిప్. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి, జోయాంథిడ్లలో పాలిటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. అందుకే రాయిని ఉడకబెట్టడం మాత్రం ససేమిరా వద్దు. డిప్ నీళ్లు తిరిగి ట్యాంకులో పోయకండి.