మాట మీద నిలబడని తోబుట్టువుతో తల్లిదండ్రుల బాధ్యత పంచుకోవడం ఎలా?

తల్లిదండ్రులను నెలకొకరు చూసుకునేలా వంతులు వేసుకోవడం మన ఇళ్లలో పాత పద్ధతే గాని, తోబుట్టువుల్లో ఒకరికి నిలకడ లేకపోతే అది మొదటి నెలలోనే చెడిపోతుంది. ఒకటో తేదీ ఉదయమే చీరలు, మందుల డబ్బా సంచిలో సర్దుకొని వసారాలో కూర్చున్న మా అమ్మ, మధ్యాహ్నం "ఈ వారం కుదరదక్కా" అని తమ్ముడి ఫోను వచ్చాక, ఏమీ అనకుండా ఆ చీరలను మళ్లీ బీరువాలో పెట్టుకోవడం చూసినప్పటి నుంచి నేను వంతుల మాట ఎత్తలేదు.

వంతులకు బదులు పనులను విడదీయాలి. ఒక్క పూట తప్పినా ప్రమాదం తెచ్చే పనులు, అంటే ఇన్సులిన్, బీపీ మాత్రలు, ఆసుపత్రి ప్రయాణాలు, నిలకడ లేనివారికి ఎంత అడిగినా అప్పగించకూడదు. వారం ఆలస్యమైనా నష్టం లేనివి, ఉదాహరణకు 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత వైద్యం కోసం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు నమోదు, ఇంటి పన్ను, కరెంటు బిల్లు, వారికి ఇవ్వవచ్చు.

డబ్బు విషయంలో "నీకు తోచినంత పంపు" అనడం పెద్ద పొరపాటు. మూడు నెలల మందుల చీటీలు, ఆయా జీతం, పాల ఖాతా కలిపి లెక్క చూపించి, జీతం పడిన మర్నాడే వాటా దానంతటదే జమయ్యేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టించాలి. ఈ మాట మరదలి ఎదుటే మాట్లాడడం మంచిది; ఆ ఇంటి ఖర్చులు తెలిసినది ఆమెకే.

ఇల్లు, పొలం రాసివ్వాలని పెద్దవారు అనుకుంటే, తమను చూసుకోవాలన్న షరతును దస్తావేజులోనే రాయించాలి. 2007 నాటి వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆ రాతను రద్దు చేయించడానికి ఆ షరతే ఆధారమవుతుంది. అదే చట్టం ప్రకారం ఆర్డీవో ట్రిబ్యునల్‌లో తల్లిదండ్రులు పోషణ భత్యం కోరవచ్చు, కొడుకులతో పాటు కూతుళ్లకూ ఆ బాధ్యత ఉంటుంది. అంత దూరం వెళ్లేముందు వయోవృద్ధుల కోసం ఉన్న 14567 హెల్ప్‌లైన్‌కు ఫోను చేసి సలహా అడగవచ్చు.

మా తమ్ముడు ఇప్పటికీ చెప్పిన రోజున రాడు గాని, నెలనెలా వాటా మాత్రం తప్పకుండా పడుతోంది, వచ్చిన రోజున అమ్మ పక్కన కూర్చొని ఆమె కాలిగోళ్లు ఓపికగా తీసి వెళతాడు. వాడు వస్తున్నాడన్న సంగతి, వాడి చెప్పుల చప్పుడు గుమ్మంలో వినపడేదాకా నేను అమ్మకు చెప్పను.