పాత ఎబొనైట్ పెన్నులు: చిన్న సేకరణ ఎలా కూర్చుకోవాలి?

నా దగ్గరికి బాగుచేయమని వచ్చే పాత ఇంకు పెన్నుల్లో సగానికి పైగా కాలం వల్ల పాడైనవి కావు. యాభై ఏళ్లు ట్రంకు పెట్టెలో క్షేమంగా ఉండి, బయటికి వచ్చిన మొదటి వారంలోనే పాడైనవి. ఎవరో ఆత్రంగా పట్టకారు వేసి తిప్పి ఉంటారు, లేదా శుభ్రం చేద్దామని వేడినీళ్ల గ్లాసులో పడేసి ఉంటారు. సేకరణ మొదలుపెట్టే ప్రతివాళ్లూ ఇదే చోట పొరపాటు చేస్తున్నారు. మిగతా విషయాలు గబగబా చెప్పేసి, ఆ ఒక్క చోట మాత్రం నిదానంగా చెబుతాను.

ముందు అంశం తేల్చుకోండి

"పాత పెన్నులు" అనేది అంశం కాదు. అలా మొదలుపెడితే రెండేళ్లకు డ్రాయరు నిండుతుంది, అందులో ఒక్కదాని గురించీ మీకు నాలుగు మాటలు తెలియవు. అంశం ఒక్క వాక్యంలో ఇమడాలి. నాది ఇది: తెలుగునాట లేత్ మీద చేత్తో తీర్చిన, ఫిల్లరుతో ఇంకు పోసుకునే ఎబొనైట్ (గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు) పెన్నులు. చైనా పెన్నులు వద్దు, పార్కర్ వద్దు, ప్లాస్టిక్ వద్దు. పన్నెండుకు మించకూడదు. పదమూడోది కావాలనిపిస్తే ఉన్నవాటిలో ఒకదాన్ని ఎవరికైనా ఇచ్చేయాలి.

పార్కర్ 51 ఎందుకు కాదని చాలామంది అడుగుతారు. అది గొప్ప పెన్నే, కాదనను. 1941లో మార్కెట్లోకి వచ్చింది, లక్షల్లో అమ్ముడైంది. దాని రంగులు, తయారైన ఏళ్లు, లోపలి భాగాలు అన్నీ ప్రపంచమంతా ఇప్పటికే రాసి పెట్టుకున్నారు. మీరు కొత్తగా కనిపెట్టేది ఏమీ ఉండదు, డబ్బు పెట్టి కొనడమే మిగులుతుంది. మన పెన్నుల సంగతి అలా కాదు. ఒక్కో పెన్ను వెనక ఒక ప్లీడరో, ఒక కరణమో, ఒక లెక్కల మాస్టారో ఉంటారు. వాళ్ల ఇంట్లోవాళ్లు చెప్పినది మీరు రాసుకోకపోతే ఇంకెక్కడా దొరకదు.

ఈ అంశానికి చరిత్ర బలం కూడా ఉంది. రాజమండ్రిలో కోసూరి వెంకటరత్నం గారు 1932లో పెన్నుల తయారీ మొదలుపెట్టారు. స్వదేశీ వస్తువు చేయమన్న గాంధీజీ మాటే దానికి ప్రేరణ. విదేశీ భాగాలు లేకుండా తయారైన పెన్ను తనకు చేరాక, విదేశీ పెన్నులకు బదులుగా ఇది బాగానే పనికొస్తుందని గాంధీజీ 1935 జూలైలో వార్ధా నుంచి ఉత్తరం రాశారు. రత్నం, రత్నంసన్ అనే పేర్లు ఆ కుటుంబానివే. అదే ఊళ్లో గైడర్ పెన్నులు తయారయ్యాయి. హైదరాబాద్‌లో డెక్కన్ పెన్ స్టోర్స్ 1928 నుంచి ఉంది. ఈ నాలుగు పేర్లతోనే పన్నెండు పెన్నుల సేకరణ నిండుగా వస్తుంది. చెన్నైలో గామా పెన్నులు కూడా ఇదే పద్ధతిలో చేసేవారు, చక్కటివి. కానీ అంశం అంటే అంశమే, నేను తీసుకోను.

ఎక్కడ వెతకాలి

మొదట మీ ఇంటి అటక. తర్వాత బంధువుల ఇళ్లు, రిటైరైన ఉపాధ్యాయులు, రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసిన పెద్దవాళ్లు. హైదరాబాద్‌లో జుమ్మేరాత్ బజారుకూ, ఎర్రగడ్డ ఆదివారం సంతకూ తెల్లవారుతూనే వెళ్లాలి. ఆన్‌లైన్‌లో కొనవచ్చు గానీ, పాళీని పైనుంచీ పక్కనుంచీ తీసిన ఫొటోలు పంపనివాళ్ల దగ్గర కొనకండి.

చేత్తో చేసే ఎబొనైట్ పెన్నులు ఇప్పటికీ పాత పద్ధతిలోనే తయారవుతున్నాయి. అందుకే నిరుడు చేసిన దాన్ని "తాతల నాటిది" అని అమ్మేవాళ్లు ఉన్నారు. రుద్ది వాసన చూస్తే గంధకం వాసన వస్తుంది, పాతదే అంటారు. ఆ వాసన కొత్తదానికీ వస్తుంది, అది రుజువు కాదు. రబ్బరులో గంధకం బాగా ఎక్కువ పాళ్లలో కలిపి ఉడికిస్తేనే ఎబొనైట్ అవుతుంది. వెలుతురు, తేమ తగిలే కొద్దీ ఆ గంధకం వల్లే పైపొర గోధుమరంగుకో, బూడిద కలిసిన ఆకుపచ్చకో తిరుగుతుంది. కాబట్టి చూడాల్సింది వాసన కాదు, రంగులో తేడా. మూత తీయండి. మూత కింద దాగిన భాగం నల్లగా నిగనిగలాడుతూ, బయట ఉండే గొట్టం వెలిసిపోయి ఉంటే అది నిజంగా పాతది. క్లిప్పును పక్కకు జరపగలిగితే దాని కింద నల్లటి చార కనబడుతుంది. మొత్తం ఒకే నలుపు ఉంటే సాధారణంగా రెండే అర్థాలు: పెన్ను కొత్తది, లేదా ఎవరో పైపొర గీకేసి పాలిష్ పెట్టారు. రెండూ నాకు వద్దు.

తర్వాత గొట్టం అంచు చూడండి, మరలు మొదలయ్యే చోటు. భూతద్దంతో చుట్టూ తిప్పి చూడాలి. అక్కడ వెంట్రుకంత పగులు ఉన్నా ఆ పెన్ను జీవితాంతం ఇంకు కక్కుతూనే ఉంటుంది. ధర ఎంత తక్కువైనా వదిలేయండి. పాళీ మారి ఉంటే మాత్రం బాధపడక్కర్లేదు. రోజూ రాసిన పెన్నుకు పాళీ మార్చడం ఆ రోజుల్లో మామూలే. పాళీ చివర గుండు ఉందా, రెండు చీలికలూ సమంగా ఉన్నాయా అన్నదే ముఖ్యం.

బిగుసుకుపోయిన పెన్నును తెరవడం

అసలు కష్టం ఇక్కడే. ఫిల్లరుతో పోసే పెన్నులో గొట్టమే ఇంకు సీసా. వేళ్లతో పట్టుకునే ముందు భాగం, అంటే సెక్షన్, గొట్టంలోకి మరలతో బిగుస్తుంది. చివరిసారి రాసినవాళ్లు ఇంకు కడగకుండా పక్కన పెట్టి ఉంటే, అది మరల మధ్య ఎండి జిగురులా పట్టేసి ఉంటుంది. కొత్తగా కొన్నవాళ్లకు ఆగాలని ఉండదు. బలం పెట్టి తిప్పుతారు. కదలకపోతే పట్టకారు తెస్తారు. ఎబొనైట్ గట్టిగా కనిపిస్తుంది గానీ, పాతబడ్డాక గాజులా పుట్టుక్కున విరుగుతుంది. విరిగేది కూడా ఆ పల్చటి అంచు దగ్గరే.

మా మేనమామ వాడిన మచ్చల ఎబొనైట్ పెన్నును నేను అలాగే పోగొట్టుకున్నాను. ఒక పెన్నుల దుకాణంలో ఇచ్చి, తెరిచి పెట్టమన్నాను. అక్కడి మనిషి నేను వద్దు అనేలోపే పట్టకారు వేశాడు. గొట్టం నిలువునా చీలింది. ఆ పెన్నుతోనే మా మేనమామ ముప్పై ఏళ్లు పరీక్ష పేపర్లు దిద్దారు. ఆ రెండు ముక్కలు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి. ఆ రోజు నుంచి నా పెన్ను ఇంకొకరి చేతిలో పెట్టి తెరిపించలేదు.

ముందుగా అది నిజంగా ఎబొనైటేనా తేల్చుకోండి. పొడి గుడ్డతో గట్టిగా రుద్ది వాసన చూడండి. గంధకం వాసన వస్తే ఎబొనైట్. కర్పూరం వాసన వస్తే అది సెల్యులాయిడ్. సెల్యులాయిడ్ ఇట్టే అంటుకుంటుంది, దానికి వేడి చూపించనే కూడదు. కింద చెప్పే పద్ధతి ఎబొనైట్‌కు మాత్రమే.

మొదటి పని నీళ్లతో. చిన్న గ్లాసులో మామూలు నీళ్లు పోసి, పాళీ మాత్రమే మునిగేలా పెన్నును నిలబెట్టండి. సెక్షన్ మునగకూడదు, గొట్టానికి నీళ్లు తగలకూడదు. పాళీ కింద ఉండే నాలుకలాంటి ముక్కలో సన్నటి గాడి ఉంటుంది. నీళ్లు దానిగుండా నెమ్మదిగా పైకి పాకి, లోపల ఎండిన ఇంకును కరిగిస్తాయి. గ్లాసులోకి నీలం దారాల్లా దిగడం మీకే కనిపిస్తుంది. నీళ్లు మార్చండి, మళ్లీ పెట్టండి. రోజుకు రెండుమూడు గంటలు చాలు. రాత్రంతా వదిలేయకండి. మూడు రోజులు పట్టవచ్చు, వారం పట్టవచ్చు. నాకు ఒక పెన్నుకు పదకొండు రోజులు పట్టింది.

వేడినీళ్లు మాత్రం వద్దు. పెన్ను మొత్తాన్ని వేడినీళ్లలో ముంచితే త్వరగా తెరుచుకుంటుందని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు. తెరుచుకుంటుంది, నిజమే. కానీ నల్లటి పెన్ను నిమిషాల్లో వెలిసిపోయి, పాచి పట్టినట్టు తయారవుతుంది. మళ్లీ నలుపు రావాలంటే పైపొర గీకాలి. గీకితే గొట్టం మీద చెక్కిన కంపెనీ పేరు, ఊరి పేరు పోతాయి. ఆ అక్షరాలు పోయిన పెన్ను నా దృష్టిలో సేకరణకు పనికిరాదు.

నీళ్ల పని అయ్యాక ఒక పూట ఆరనివ్వండి. ఇప్పుడు పొడి వేడి. హెయిర్ డ్రయర్‌ను తక్కువ వేడిలో పెట్టి, జానెడు దూరం నుంచి, మరలు ఉండే చోట మాత్రమే గాలి తగిలేలా పెన్నును తిప్పుతూ ఉండాలి. ఒకచోట ఆపకూడదు. పది పన్నెండు సెకన్లకు ఒకసారి చెంపకు ఆనించి చూడండి. వెచ్చగా, హాయిగా ఉండాలి. చురుక్కుమంటే ఎక్కువైనట్టే, చల్లారనివ్వండి. వేడి ఎక్కువైతే ఎబొనైట్ మెత్తబడి గొట్టం వంకర తిరుగుతుంది.

వెచ్చబడగానే రెండు చేతుల్లోనూ పాత సైకిల్ ట్యూబు ముక్కలతో పట్టుకోండి. పట్టు జారకపోతే బలం అక్కర్లేదు. ఒక ముక్క సెక్షన్ మీద, ఇంకొకటి గొట్టం మీద. పాళీని పట్టుకోవద్దు. సెక్షన్‌ను అపసవ్యంగా తిప్పండి, సీసా మూత తీసినంత బలంతోనే. కదలకపోతే అక్కడితో ఆపండి. ఆ రోజుకు అంతే. మర్నాడు మళ్లీ నీళ్లు, మళ్లీ వేడి. పళ్లు బిగపట్టి తిప్పుతున్నారంటే అప్పటికే ఎక్కువ బలం పెడుతున్నారు. టెన్షన్‌గా ఉన్న రోజు, ఎవరో వస్తున్నారని తొందర ఉన్న రోజు ఈ పని ముట్టుకోకండి.

సన్నగా కిర్రుమని కాస్త కదిలితే సంబరపడి ఒక్కసారిగా తిప్పేయొద్దు. పావు చుట్టు ముందుకు, కొంచెం వెనక్కి, మళ్లీ ముందుకు. ఎండిన ఇంకు పొడిగా రాలుతుంది. విరిగే పెన్నులు ఎక్కువగా ఈ చివరి చుట్టులోనే విరుగుతాయి.

తెరుచుకున్నాక పాళీని, నాలుకను పీకి చూడాలనిపిస్తుంది. నీళ్లు ధారాళంగా దిగుతుంటే పీకకండి. ఆ నాలుకను ఆ పెన్నుకే చేత్తో కోసి, చేత్తో అమర్చారు. ఇంకోదాని నాలుక దీనికి సరిగ్గా అతకదు. తీయక తప్పకపోతే ముందు ఫొటో తీసుకుని, రెండింటినీ కలిపి ట్యూబు ముక్కతో పట్టుకుని తిన్నగా లాగండి. పక్కకు వంచితే పాళీ పోతుంది.

కడగడం, ఇంకు పోయడం

గిన్నెల సబ్బు ఒక్క చుక్క కలిపిన నీళ్లతో, తర్వాత మంచినీళ్లతో కడగండి. బోరు నీళ్లు వద్దు, ఉప్పు పేరుకుంటుంది. వెంటనే తుడిచి ఆరబెట్టండి. స్పిరిట్ ముట్టుకోవద్దు.

మరలకు సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి, వాజిలైన్ కాదు. ఇంకు నీలమే, అదీ కడిగితే పోయే మామూలు నీలం. కామెల్ చాలు. మెరుపుల ఇంకులు, డ్రాయింగ్ ఇంకులు పాత పెన్నులో పోస్తే అడ్డం పడతాయి. గొట్టం అంచుకు కాస్త కింది వరకు పోసి బిగించండి. సగం అయ్యాక మళ్లీ నింపేయండి. ఇంకు తగ్గే కొద్దీ లోపల గాలి పెరుగుతుంది, చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి ఇంకును బయటికి నెడుతుంది. "పాత పెన్నులు కక్కుతాయి" అని పడేసేవాళ్లకు ఈ ఒక్క సంగతి తెలియక ఎన్ని మంచి పెన్నులు చెత్తబుట్టలో పడ్డాయో!

దాచడం, రాసిపెట్టుకోవడం

అద్దాల షోకేసులో, ట్యూబులైటు కింద పెట్టకండి, రంగు వెలుస్తుంది. నూలు గుడ్డలో జేబులు కుట్టించి, చుట్టి, చీకటి అరలో పెట్టండి. రాయనప్పుడు ఇంకు ఉంచకూడదు.

ఒక్కో పెన్నుకు ఒక కార్డు ఉండాలి: ఎవరిది, ఏ ఊరు, ఎవరి నుంచి వచ్చింది, గొట్టం మీద ఏ అక్షరాలు ఉన్నాయి, మీరు ఏమేం మార్చారు. పాత బిల్లు దొరికితే దాన్నీ అక్కడే జతచేయండి. గొట్టం మీద కొన్నవాళ్ల పేరు చెక్కి ఉంటే దాన్ని లోపంగా చూసి ధర తగ్గించమని బేరమాడేవాళ్లు ఉన్నారు. నేను అలాంటి పెన్నుకే ఎక్కువిస్తాను, ఎందుకంటే ఆ పేరు పట్టుకుని ఊరు వెళ్లి అడగవచ్చు. ఇచ్చినవాళ్ల మాటలు అదే రోజు రాసుకోండి, వారం ఆగితే సగం మర్చిపోతారు.

ఆ కార్డు కూడా ఆ పెన్నుతోనే రాయండి. మధ్యలో ఎక్కడైనా అక్షరం తెగితే కార్డు పక్కన పెట్టి, ఇంకు వంపేసి, పాళీని మళ్లీ ఒక రోజు నీళ్లలో నిలబెట్టండి.